మౌనం, నూర్పిడి, వరద సాయం: క్వేకర్లపై పాఠకుల ప్రశ్నలు

ఇంగ్లండులో 17వ శతాబ్దంలో మొదలైన క్రైస్తవ శాఖ క్వేకర్లు. పోయిన సంచికలో వాళ్ల గురించి చిన్న పరిచయం వేశాం. దానిమీద గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న (నరసాపురం): మాది బ్రదరన్ సంఘం. మాకూ జీతానికి పాస్టరు గారు ఉండరు. ఏసు చివరి భోజనానికి గుర్తుగా ఆదివారం రొట్టె విరుస్తాం, సహోదరుల్లో ఎవరైనా లేచి ప్రార్థన చేస్తారు. క్వేకర్లన్నా ఇదేనా?

జవాబు: దగ్గరి చుట్టరికం ఉంది కానీ ఇల్లు వేరండి. బౌడెన్, బీర్ అనే బ్రదరన్ మిషనరీ కుటుంబాలు ఇంగ్లండు నుంచి వచ్చి మీ నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టింది 1836లో. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండు క్వేకర్లలో పెద్ద తగవు నడుస్తోంది. బైబిలు మాట పైదా, మనిషి లోపల వెలిగే వెలుగు పైదా అన్నదే ఆ తగవు. బైబిలే పైది అన్నవాళ్లు చాలామంది బయటికి వచ్చారు, వాళ్లలో కొందరు బ్రదరన్‌లో చేరారు. తుపాను రోజుల్లో మనం వినే క్యుములస్, స్ట్రాటస్ లాంటి మబ్బుల పేర్లు పెట్టిన ల్యూక్ హోవార్డ్ కూడా అలా వెళ్లినవాడే. పాస్టరు లేని కూడిక రెండుచోట్లా కనిపించడం అంత వింతేమీ కాదు.

తేడాలు మాత్రం గట్టివి. మౌనంగా కూడుకునే క్వేకర్లు రొట్టె విరవరు, నీటి బాప్తిస్మం ఇవ్వరు. రోజూ తినే అన్నాన్ని, పంచుకునే పనిని పవిత్రంగా చూస్తే వేరే సంస్కారం అక్కర్లేదన్నది వాళ్ల నమ్మకం. ఆడవాళ్లు కూడికలో మాట్లాడటం మొదటి తరం నుంచీ ఉంది. దాన్ని సమర్థిస్తూ మార్గరెట్ ఫెల్ 1666లోనే పుస్తకం రాసింది. మూడోది యుద్ధం సంగతి. ఏ కారణానికైనా, ఏ రాజు కోసమైనా ఆయుధం పట్టబోమని 1660లో రెండో చార్లెస్ రాజుకు రాతపూర్వకంగా చెప్పారు. శాంతి పని అంతా ఆ మాట మీద నిలబడి ఉంది. ఇంకొక సంగతి కూడా తెలియాలి. క్వేకర్లందరూ మౌనంగా కూర్చోరు. ప్రపంచంలో ఎక్కువమంది క్వేకర్లున్న దేశం కెన్యా. అక్కడ పాస్టర్లు ఉంటారు, పాటలుంటాయి.

కాటన్ దొర విగ్రహం లేని ఊరు కనిపించని మన డెల్టాకు ఈ ముక్క నచ్చుతుంది. ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆరేళ్ల తర్వాత, 1858 జూన్‌లో, జాన్ బ్రైట్ అనే క్వేకరు బ్రిటిష్ పార్లమెంటులో కంపెనీ పాలనను నిలదీశాడు. 1834 నుంచి 1848 దాకా 14 ఏళ్లలో కంపెనీ ఇండియా మొత్తం మీద ప్రజా పనులకు పెట్టిన డబ్బు కంటే ఒక్క మాంచెస్టరు ఊరు తాగునీటికి పెట్టిన డబ్బే ఎక్కువన్నాడు.

ప్రశ్న (రాజోలు): మేం ఆరుగురం. హిందువులం, క్రైస్తవులం కలిసి ఆదివారం మౌనంగా కూర్చుందామనుకుంటున్నాం. పద్ధతి చెప్పండి.

జవాబు: కుర్చీలు గుండ్రంగానో, నలుచదరంగానో వేసుకోండి. వరసలు వేస్తే ముందున్నవాళ్లు పెద్దలైపోతారు. మధ్యలో ఏమీ అక్కర్లేదు, కావాలంటే చిన్న బల్ల పెట్టండి. గంటసేపు కూర్చోవడం ఆనవాయితీ అయినా కొత్తవాళ్లు 20 నిమిషాలతో మొదలుపెట్టి నెల రోజుల్లో పెంచుకోవడం మేలు. మన దగ్గర ఆదివారం పొద్దున గుడి మైకు, చర్చి మైకు రెండూ ఉంటాయి కాబట్టి సాయంత్రం 4 గంటలు అనువుగా ఉంటుంది. ముగించే బాధ్యత ముందే ఇద్దరికి అప్పగించండి. సమయం అవగానే ఆ ఇద్దరూ చేతులు కలుపుతారు, మిగతావాళ్లు పక్కవాళ్లతో చేయి కలుపుతారు. అంతే, కూడిక అయిపోయినట్టు. పిల్లలుంటే చివరి పావుగంట వాళ్లను లోపల కూర్చోబెడితే చాలు.

ఇది ధ్యానం క్లాసు కాదు, ఎవరి మంత్రం వాళ్లు జపించుకునే చోటూ కాదు. అందరూ కలిసి ఒకే దానికోసం చెవి ఒగ్గడం. ఎవరికైనా ఒక మాట లోపల నుంచి తోసుకొస్తే లేచి రెండు మూడు నిమిషాల్లో చెప్పి కూర్చుంటారు. ఇది నాకోసం వచ్చిన మాటా, అందరికోసమా, ఇప్పుడే చెప్పాలా అని తమను తాము అడిగి చూసుకున్నాకే లేస్తారు. మీరు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒకరు మాట్లాడగానే ఇంకొకరు జవాబు చెప్పబోతారు, పది నిమిషాల్లో అది రచ్చబండ అవుతుంది. అందుకే ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ మధ్య కనీసం మూడు నాలుగు నిమిషాల మౌనం ఉండాలి, ఒకరు ఒక్కసారే మాట్లాడాలి, ముందువాళ్ల మాటను ఖండించకూడదు. ఉపన్యాసం దంచే అలవాటున్నవాళ్లకు కూడిక అయ్యాక ఒక్కరే వెళ్లి మెత్తగా చెప్పండి, అందరి ముందూ కాదు. ఎవరూ నోరు విప్పకుండా గంట గడిచినా తప్పేం లేదు. అలాంటి ఆదివారాలు చాలా ఉంటాయి.

ప్రశ్న (భీమవరం): క్వేకర్లు ఒట్టు పెట్టరట. మన కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వస్తే?

జవాబు: ప్రమాణం చేస్తేనే నిజం చెబుతానంటే మిగతా రోజుల్లో చెప్పేది ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. ఇంగ్లండులో దీనికోసం జైళ్లకు వెళ్లారు. 1696లో అక్కడి చట్టం వాళ్లకు ప్రమాణం బదులు ధృవీకరణ చేసే వీలిచ్చింది. మన దేశంలో 1969 నాటి ప్రమాణాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఏ మతంవాళ్లయినా, ఏ మతమూ లేనివాళ్లయినా దేవుడి పేరు తీయకుండా ధృవీకరణ చేయవచ్చు. బోనెక్కగానే ఆ సంగతి చెబితే చాలు. అబద్ధమాడితే శిక్ష మాత్రం రెండింటికీ ఒకటే.

ప్రశ్న (పి.గన్నవరం దగ్గర ఒక లంక గ్రామం): వరద సాయానికి కుర్రాళ్లం కమిటీ వేసుకున్నాం. ప్రతిదానికీ చేతులెత్తి ఓటు వేస్తాం. ఓడినవాళ్లు మర్నాటి నుంచి రావడం లేదు. పడవ ముందు ఏ పేటకు వెళ్లాలన్న దానిమీద నిరుడు కమిటీ రెండుగా చీలింది. ఓటు లేకుండా తేల్చే పద్ధతి వివరంగా చెప్పండి.

జవాబు: ఓటు వేస్తే ఎటువైపు ఎంతమందో తెలుస్తుంది కానీ ఏది సరైనదో తెలియదు. క్వేకర్లు కూర్చునేది ఆ రెండోదాని కోసం. 350 ఏళ్లుగా లెక్క పద్దులు, ఆస్తులు, పెళ్లిళ్లు అన్నీ ఇలాగే తేల్చుకుంటున్నారు కాబట్టి ఇది గాలిమాట కాదు.

ముందు ఒకరిని క్లర్కుగా పెట్టుకోవాలి. అధ్యక్షుడి పదవి కాదది. మాట్లాడే వంతు ఇవ్వడం, సభ ఎటు మొగ్గుతోందో పసిగట్టడం, దాన్ని రాసి చదవడం, ఇవే ఆయన పనులు. తనకే గట్టి అభిప్రాయం ఉన్న విషయం వస్తే ఆ ఒక్క అంశానికీ బల్ల ఇంకొకరికి వదలాలి. అయిదు నిమిషాలు మౌనంగా కూర్చుని మొదలుపెట్టండి. క్లర్కు విషయాన్ని ఒక్క వాక్యంలో చెబుతాడు. అభిప్రాయాల కంటే ముందు వివరాలు రావాలి. పల్లంలో ఎన్ని ఇళ్లు, మంచం పట్టినవాళ్లు ఎందరు, నెలలు నిండినవాళ్లు ఎందరు, పడవలో ఎందరు పడతారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ క్లర్కు వైపు చూసి మాట్లాడాలి, ఎదుటివాడి వైపు తిరిగి కాదు. ఒకరు చెప్పిందే ఇంకొకరు పొడిగించనక్కర్లేదు, ‘నా మాటా అదే’ అంటే చాలు.

మాటలు ఒక దారికి వస్తున్నాయనిపించగానే క్లర్కు అక్కడికక్కడే తీర్మానం రాస్తాడు. ఉదాహరణకు: ‘రెండో ప్రమాద హెచ్చరిక రాగానే మొదటి పడవ ఏటి ఒడ్డు పల్లపు ఇళ్లకు వెళ్లాలి. బాలింతలు, గర్భిణులు, నడవలేనివాళ్లు ముందు. పేట చూడకూడదు.’ పైకి చదవాలి, మాటలు సరిదిద్దాలి, అందరూ ఒప్పుకున్నాక పక్క అంశానికి వెళ్లాలి. ఇంటికెళ్లి రాసి రాత్రి వాట్సాప్‌లో పెడదామనుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. పది మంది పది రకాలుగా గుర్తుపెట్టుకుంటారు.

ఒప్పుకోనివాళ్ల సంగతి. నాకు నచ్చలేదు గాని అడ్డురాను అనేవాళ్లు ‘పక్కకు నిలబడతారు’. అది రాసి పెట్టుకుని ముందుకు పోవచ్చు. మనసు ససేమిరా ఒప్పుకోవడం లేదు అన్నవాళ్లుంటే ఆ అంశం ఆగుతుంది, పాత నిర్ణయమే నడుస్తుంది. అయితే ఒక్కరికి అడ్డుపుల్ల హక్కు ఇచ్చినట్టు కాదిది. ఆ అభ్యంతరం అందరి మేలు కోసమా, సొంత దొడ్డి కోసమా అని సభ తూచి చూస్తుంది. తగవు బాగా ముదిరినప్పుడు వాళ్లు ‘నూర్పిడి కూటం’ పెడతారు. నిజంగానే ఆ పేరే, కళ్లంలో పంట నూర్చినట్టు. ఆ రోజు నిర్ణయం ఏదీ తీసుకోకూడదన్నది నియమం. ఎవరి కడుపులో మంట వాళ్లు కక్కేస్తారు, తాలు ఎగిరిపోతుంది, గింజ మిగులుతుంది. నిర్ణయం వేరే రోజున. మీ పేటల తగవుకు ముందు కావలసింది ఇదేనని మా అభిప్రాయం.

ఈ పద్ధతికి రెండు పెద్ద లోపాలున్నాయి, దాచకూడదు. ఒకటి ఆలస్యం. అమెరికాలో జర్మన్‌టౌన్ క్వేకర్లు బానిసత్వం తప్పని 1688లో కాగితం రాశారు. బానిసలను ఉంచుకున్నవాళ్లు సభ్యులుగా ఉండకూడదని ఫిలడెల్ఫియా వార్షిక సభ తేల్చింది 1776లో. 88 ఏళ్లు. అందరి మనసూ కుదిరేదాకా ఆగినందుకు మూల్యం చెల్లించింది బానిసలే. రెండోది, మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కవేయడం. పెద్దిళ్ల అరుగు మీద సభ పెడితే చిన్నపేటవాళ్లు, ఆడవాళ్లు నోరెత్తరు, ‘అందరూ ఒప్పుకున్నారు’ అని రాసేస్తారు. స్కూల్లో పెట్టండి, చిన్నవాళ్లతో మొదలుపెట్టి వరసగా అందరినీ అడగండి.

వరద వచ్చాక మాత్రం ఏకాభిప్రాయానికి కూర్చోవద్దు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కి, మూడోది 17.75కి. వీటిలో ఏది వస్తే ఎవరు ఏం చేయాలో జూన్‌లోనే తీర్మానం రాసుకోండి. పడవ కుదర్చడానికి, ఫలానా మొత్తం వరకు ఖర్చుపెట్టడానికి ముగ్గురికి అధికారం ఇవ్వండి. వాళ్లు వరద తగ్గాక లెక్క అప్పజెబుతారు.

ప్రశ్న (యలమంచిలి మండలం, పశ్చిమ గోదావరి): సాయం పేరుతో మతం మారుస్తారనే అనుమానం అందరి మీదా ఉంది. క్వేకర్లు దీన్ని ఎలా ఎదుర్కొన్నారు? నీటి విషయంలో మేం ఏం చేయాలి?

జవాబు: ఐర్లండు కరువులో, 1846 నవంబరులో, డబ్లిన్ క్వేకర్లు సహాయ సంఘం పెట్టారు. పెద్ద పెద్ద బానలు తెప్పించి సూపు కాచి పోశారు. మతం మారితేనే సూపు పోస్తామన్న వేరే వాళ్లు అప్పుడు ఉండేవారు. క్వేకర్లు ఆ షరతు పెట్టలేదు కాబట్టి అక్కడివాళ్లు ఇవాళ్టికీ మంచిగా తలుచుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఓడిన జర్మనీలో పిల్లలకు అన్నం పెట్టారు. ఒక దశలో రోజుకు 10 లక్షల మంది పిల్లలు తిన్నారు. నిన్నటిదాకా శత్రువుల పిల్లలే వాళ్లు. మన దేశంలో 1942లో మేదినీపూర్ తుపాను, మరుసటి ఏడు బెంగాల్ కరువు వచ్చినప్పుడు క్వేకర్ల సహాయ దళం ఫ్రెండ్స్ ఆంబులెన్స్ యూనిట్ పని చేసింది. గాంధీ గారి స్నేహితుడు హొరేస్ అలెగ్జాండర్ దాన్ని నడిపించినవారిలో ఒకరు. 1947 నోబెల్ శాంతి బహుమతి బ్రిటన్, అమెరికాల్లోని రెండు క్వేకర్ సేవా సంస్థలకు కలిపి ఇచ్చారు.

మీకు పనికొచ్చే నియమాలు అందులోవే. బియ్యం సంచితో కరపత్రం ఇవ్వొద్దు, బ్యానరు కట్టొద్దు, తీసుకునేవాళ్ల ఫొటో తీయొద్దు. జాబితాను ఊరివాళ్ల చేతే రాయించి పంచాయతీ గోడకు అంటించండి. ఎవరికి ఎందుకు ఇచ్చారో కనిపిస్తే అనుమానం సగం పోతుంది.

ఇక నీళ్లు. మునిగిన నూతిని ముందు తోడించాలి. కొత్త నీరు ఊరాక 1000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు మామూలు మోతాదు. వరద నీటి మురికి క్లోరిన్‌ను తినేస్తుంది కాబట్టి ఇది చాలకపోవచ్చు. గంట తర్వాత పరీక్ష చేస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, లేకపోతే ఇంకొంచెం కలపాలి. 4 అడుగుల అడ్డుకొలత, 6 అడుగుల నీరున్న నూతిలో సుమారు 2100 లీటర్లుంటాయి. పొడిని నేరుగా నూతిలో చల్లడం అందరూ చేసే తప్పు. బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే పోయాలి. మూతి తెరిచి ఉంచిన సంచిలోని పౌడరు తేమకు చచ్చిపోతుంది, దానిమీద ఆధారపడొద్దు.

ప్రశ్న (మండపేట వైపు): ఫ్లెక్సీ చించారని రెండు పేటలు కొట్టుకున్నాయి. పెద్దమనుషులు రాజీ చేశారు, మళ్లీ రగిలింది. శాంతి పని అంటే ఇంకేం చేయాలి?

జవాబు: రాజీకి, శాంతికి మధ్య తేడా చూడాలి. బలమున్నవాడు దిగిరాకుండా బలం లేనివాడి చేత చేతులు కలిపించడమే మన ఊళ్లలో రాజీ అనే పేరుతో ఎక్కువగా జరుగుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పడి ఉంటే దాన్ని వెనక్కి తీసుకోమని ఇల్లిల్లూ తిరగడం శాంతి పని కానే కాదు. కేసు దారి కేసుది.

రెండు వైపులా ఇద్దరేసి చొప్పున, రెండు పేటలకూ చెందని వాళ్లు వెళ్లి విడివిడిగా వినాలి. సలహా వద్దు, తీర్పు వద్దు. విన్నది తిరిగి వాళ్లకే చెప్పి ‘మీరన్నది ఇదేనా’ అని అడగాలి. నాలుగైదు సార్లు వెళితే గానీ అసలు సంగతి బయటికి రాదు. ఫ్లెక్సీ కింద దారి తగవో, శ్మశానం తగవో, పాత అవమానమో ఉంటుంది. ఒక వైపు చెప్పింది అనుమతి లేకుండా రెండో వైపుకు చేరవేస్తే మీ పని ఆ రోజుతో సరి. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం చివరి మెట్టు. తొందరపడి దాన్నే మొదట చేస్తారు, అందుకే మళ్లీ రగులుతుంది.

కుర్రాళ్లకు శిక్షణ కావాలంటే ‘హింసకు ప్రత్యామ్నాయాలు’ అనే పద్ధతి ఉంది. 1975లో న్యూయార్క్ రాష్ట్రం గ్రీన్‌హేవెన్ జైల్లో ఖైదీలే అడిగితే క్వేకర్లు వాళ్లతో కలిసి తయారుచేశారు. మూడు రోజులు, సుమారు 20 గంటలు, 20 మందికి మించకుండా, గుండ్రంగా కూర్చుని ఆటలు, అభినయాలు, మాటలు. మొదటి మెట్టు, రెండో మెట్టు, తర్వాత నడిపేవాళ్ల శిక్షణ. రెండు పేటల నుంచీ సమానంగా, ఇష్టపడి వచ్చినవాళ్లనే తీసుకోవాలి. పోలీసులో, హెడ్‌మాస్టరో బలవంతంగా పంపితే ఈ మూడు రోజులూ దండగ.

ప్రశ్న (కొత్తపేట): క్వేకర్ సంస్థల్లో సేవకు విదేశాలకు పంపిస్తామని ఒకాయన డబ్బు అడుగుతున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: ఇవ్వకండి. క్వేకర్ సేవా పనులకు ఏజెంట్లు ఉండరు. వాళ్ల ఖాళీలు ఆయా సంస్థలే ప్రకటిస్తాయి, దరఖాస్తు నేరుగా వెళ్తుంది. వీసా రాకపోయే అవకాశమే ఎక్కువని కూడా ముందే లెక్క వేసుకోండి. అసలు క్వేకర్ జీవితం చూడాలనుంటే దగ్గరలోనే ఉంది. మధ్యప్రదేశ్‌లో నర్మదాపురం (పాత హోషంగాబాద్), ఇటార్సీ ప్రాంతంలో 19వ శతాబ్దం నుంచి క్వేకర్లున్నారు. రసూలియాలో వాళ్ల గ్రామీణ కేంద్రం ఉండేది. సేవాగ్రామ్‌లో గాంధీ గారి నయీ తాలీం (పనితో కూడిన చదువు) కోసం పని చేసిన క్వేకరు మార్జరీ సైక్స్ అక్కడా పని చేసింది. విజయవాడ నుంచి నాగపూర్ మీదుగా ఢిల్లీ వెళ్లే బండ్లు చాలావరకు ఇటార్సీలో ఆగుతాయి. ముందుగా ఉత్తరం రాసి, రమ్మంటేనే వెళ్లండి, చూసి రావడానికి కాకుండా పని చేయడానికి వెళ్లండి.

మీ సంఘానికి విదేశీ మిత్రులు డబ్బు పంపుతామంటే ఒప్పుకునే ముందు ఆగండి. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా సంఘం తీసుకోకూడదు. సభ్యుడి సొంత ఖాతాలో వేయించుకుని సంఘానికి వాడటం ఇంకా ప్రమాదం.

ప్రశ్న (పాలకొల్లు): ఉద్యోగం వదిలి ఊళ్లో పని చేయాలా వద్దా అని ఏడాదిగా తేల్చుకోలేకపోతున్నాను. అందరూ సలహాలిస్తున్నారు. క్వేకర్లకు దీనికేదో పద్ధతి ఉందన్నారు కదా?

జవాబు: ఉందమ్మా. మొదట్లో పెళ్లికి సిద్ధమైన జంటల కోసం వచ్చిన పద్ధతి అది, ఇప్పుడు ఇలాంటివాటికీ వాడతారు. మీ సమస్యను మూడు నాలుగు పేజీల్లో రాయండి. నమ్మకమైన అయిదుగురిని ఎంచుకుని వారం ముందు వాళ్లకు ఇవ్వండి. అందరూ మీ చుట్టాలే కాకుండా, అందరూ మీ ఆఫీసువాళ్లే కాకుండా చూసుకోండి. రెండున్నర గంటలు కూర్చోవాలి, ఫోన్లు బయట. ఒకరు సమయం చూస్తారు, ఒకరు రాస్తారు, రాసిన కాగితం చివర మీకే ఇచ్చేస్తారు.

వాళ్లకు ఉన్న హక్కు ఒక్కటే, ప్రశ్న అడగడం. ఆ ప్రశ్నకు జవాబు అడిగేవాళ్లకు ముందే తెలిసి ఉండకూడదు. ‘మీవారితో ఒకసారి మాట్లాడి చూడొచ్చు కదా?’ అన్నది ప్రశ్న వేషం వేసుకున్న సలహా. ‘ఉద్యోగం వదిలినట్టు ఊహించుకుంటే మొదట ఏ రోజు గుర్తొస్తుంది?’ అన్నది నిజమైన ప్రశ్న. జవాబు చెప్పాలని లేకపోతే మీరు చెప్పనక్కర్లేదు. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య తొందర వద్దు, కన్నీళ్లొస్తే ఓదార్చడానికి ఎవరూ లేవొద్దు. ఆ తర్వాత ఆ అయిదుగురూ ఈ సంగతి ఇంకెవరితోనూ అనకూడదు, మీరు ఎత్తితే తప్ప మీతో కూడా ఎత్తకూడదు. ఆ రోజే తేలాలని లేదు. కొందరికి నెల తర్వాత, కాలవ గట్టు మీద నడుస్తుండగా తేలుతుంది.